పోటీకీ ఒంటికీ సరిపడే సైకిల్ ఫ్రేము: కార్బనా, స్టీలా, అల్యూమినియమా?

ప్రశ్న: విశాఖపట్నంలో ఉంటాను. వయసు 41, బరువు 74 కిలోలు. నాలుగేళ్లుగా ఒక అల్యూమినియం రోడ్ బైక్ తొక్కుతున్నాను. టైర్లు 23 మి.మీ.వి, గాలి 110 పీఎస్‌ఐ పెడతాను. ఆదివారాలు బీచ్ రోడ్డు మీదుగా భీమిలి దాటి వెళ్లి వస్తాను. అరవై డెబ్బై కిలోమీటర్లు దాటేసరికి చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతున్నాయి, మెడ పట్టేస్తోంది. వచ్చే ఏడాది నా వయసువాళ్ల విభాగంలో రోడ్డు పోటీలకు దిగాలనీ, 200 కిలోమీటర్ల బ్రెవే (గడువులోగా పూర్తి చేయాల్సిన దూర సైకిల్ యాత్ర) ఒకటైనా పూర్తి చేయాలనీ ఉంది. చేతిలో లక్షా అరవై వేలు ఉన్నాయి. మూడు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, స్నేహితుడు అమ్ముతున్న ఆరేళ్ల నాటి కార్బన్ రేసింగ్ సైకిల్. దానికి 25 మి.మీ. కన్నా పెద్ద టైరు పట్టదు. రెండు, షాపులో ఉన్న కొత్త అల్యూమినియం ఎండ్యూరెన్స్ సైకిల్, అంటే దూరాలు సుఖంగా తొక్కడానికి చేసింది. దానికి 32 మి.మీ. వరకు పడుతుంది. మూడు, మంచి స్టీలు గొట్టాలతో కొలతలిచ్చి చేయించుకునే ఫ్రేము. అల్యూమినియం ఒళ్లు హూనం చేస్తుందని ఒకరు, కార్బన్ కుదుపులన్నీ మింగేస్తుందని ఇంకొకరు, స్టీలుకు సాటి లేదని మరొకరు చెబుతున్నారు. ఏది తీసుకోమంటారు?

సమాధానం: మీరు రాసిన మూడింటిలో షాపులో ఉన్న కొత్త అల్యూమినియం సైకిలే తీసుకోమని నా సలహా. అది అల్యూమినియం కాబట్టి కాదు, 32 మి.మీ. టైరు పడుతుంది కాబట్టి, హ్యాండిల్ కాస్త ఎత్తులో ఉండే కొలతలతో తయారైంది కాబట్టి, కొన్న తర్వాత కూడా మీ చేతిలో కొంత డబ్బు మిగులుతుంది కాబట్టి. మీ వేళ్ల తిమ్మిరికీ మెడ నొప్పికీ ఫ్రేము లోహమే కారణమని మీకు తోచింది గానీ, అసలు కారణాలు మీ ఉత్తరంలోనే ఉన్నాయి. ఒకటి, సన్నటి టైరులో 110 పీఎస్‌ఐ గాలి. రెండు, మీరు సైకిల్ మీద కూర్చునే తీరు మీ ఒంటికి కుదరకపోవడం. ఈ రెండింటినీ సరిచేయకుండా ఏ ఫ్రేము కొన్నా, ఎంత పెట్టి కొన్నా, భీమిలి దాటేసరికి మళ్లీ అదే తిమ్మిరి వస్తుంది.

రోడ్డు మీది గతుకు మీ అరచేతికి చేరేలోపు టైరు, రిమ్ము, స్పోకులు, ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే కొమ్ములు), స్టెమ్ము (ఫోర్కునూ హ్యాండిల్‌నూ కలిపే ముక్క), హ్యాండిల్, దాని మీది టేపు అన్నీ దాటి రావాలి. వెనక వైపునైతే టైరు, చక్రం, ఫ్రేము, సీటు పోస్టు, సీటు దాటాలి. ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటిగా బిగించిన స్ప్రింగుల్లా పని చేస్తాయి. అలాంటి వరసలో అన్నిటికన్నా మెత్తగా ఉన్నదే కదలికలో ఎక్కువ వంతు తీసుకుంటుంది. గట్టిగా ఉన్నదాన్ని ఇంకాస్త మెత్తబరిచినా పైన కూర్చున్న మనిషికి తెలిసే తేడా స్వల్పం. టైరు కొన్ని మిల్లీమీటర్లు నొక్కుకుంటుంది. ఫ్రేము త్రికోణాలుగా కట్టిన నిర్మాణం కావడం వల్ల, ఏ పదార్థంతో చేసినా నిలువుగా కదిలేది మిల్లీమీటరులో ఒక భాగమే. పైగా చేతుల దాకా వచ్చే దారిలో ఫ్రేము పాత్ర ఇంకా తక్కువ, ఎందుకంటే ఆ కుదుపు ఫోర్కు నుంచి దాదాపు నేరుగా స్టెమ్ములోకి వెళ్తుంది. ఇప్పుడు వచ్చే మంచి అల్యూమినియం రోడ్ బైకులకు ఫోర్కు కార్బన్‌దే ఉంటుంది. అంటే మీ చేతుల వరకు చూస్తే, అల్యూమినియం సైకిల్ కొన్నా మీకు అందేది కార్బన్ గుణమే. షాపులో ఫోర్కు దేనితో చేసిందో మాత్రం తప్పక అడగండి.

మరి అల్యూమినియానికి ఆ చెడ్డపేరు ఎలా వచ్చింది? ఇక్కడ కాస్త చరిత్ర చెప్పాలి, ఎందుకంటే మీ మిత్రులు చెప్పే మాటల్లో చాలావరకు ఆ చరిత్ర నుంచి మిగిలినవే. 1980ల్లో ఐర్లండ్‌కు చెందిన షాన్ కెల్లీ ఫ్రాన్సులో తయారైన విటస్ అల్యూమినియం ఫ్రేముల మీద ప్రపంచంలోని పెద్ద పెద్ద పోటీలు గెలిచాడు. ఆ ఫ్రేముల గొట్టాలు ఆనాటి స్టీలు గొట్టాల్లాగే సన్నగా ఉండేవి, జంక్షన్ల దగ్గర జిగురుతో అతికించేవారు. వాటి మీద వచ్చిన ఫిర్యాదల్లా అవి మరీ ఎక్కువ వంగుతాయనే. అదే కాలంలో అమెరికాలో క్లైన్, క్యానన్‌డేల్ కంపెనీలు అదే లోహంతో లావుపాటి గొట్టాలు వాడి ఫ్రేములు వెల్డింగ్ చేయడం మొదలుపెట్టాయి. అవి తేలిగ్గా, ఏమాత్రం వంగకుండా ఉండేవి. వాటి మీద సన్నటి టైర్లకు గట్టిగా గాలి కొట్టి తొక్కినవాళ్లకు ఒళ్లు నొప్పులు వచ్చాయి. లోహం ఒక్కటే అయినా పదేళ్లు తిరగకముందే మెత్తనిదన్న పేరు పోయి కరకుదన్న పేరు వచ్చిందంటే, మారింది గొట్టం వ్యాసమూ దాని ఆకారమే.

లెక్క చూస్తే కారణం తెలుస్తుంది. స్టీలు సాంద్రత నీటికి 7.8 రెట్లు, అల్యూమినియానిది 2.7 రెట్లు. వంగకుండా నిలిచే గుణంలో కూడా స్టీలు అల్యూమినియానికి దాదాపు మూడింతలు. టైటానియం రెండు విషయాల్లోనూ ఈ రెంటికీ మధ్యన ఉంటుంది. అంటే బరువుతో పోల్చి చూస్తే మూడు లోహాల బిగువూ దాదాపు సమానమే. తేడా అంతా గొట్టాన్ని ఎలా మలిచారన్న దాంట్లో వస్తుంది. గోడ మందం అలాగే ఉంచి గొట్టం వ్యాసం రెట్టింపు చేస్తే బరువు రెండింతలవుతుంది, బిగువు మాత్రం ఎనిమిదింతలవుతుంది. స్టీలుతో ఇలా లావుగా చేయాలంటే బరువు పెరగకుండా గోడను పల్చన చేయాలి. అది ఒక హద్దు దాటితే చిన్న దెబ్బకే సొట్ట పడుతుంది. అల్యూమినియం తేలిక కనుక గోడను తగినంత మందంగా ఉంచుతూనే గొట్టాన్ని లావు చేయవచ్చు. ఇవాళ్టి తయారీదార్లు ఒకే గొట్టాన్ని పెడల్ దగ్గర లావుగా, సీటు వైపు సన్నగా, ఒకచోట గుండ్రంగా, ఇంకోచోట చదునుగా ఒత్తగలుగుతున్నారు. ముప్పై ఏళ్ల కిందటి అల్యూమినియం ఫ్రేము మీద పుట్టిన అభిప్రాయాన్ని ఇవాళ్టి ఫ్రేముకు తగిలించడం న్యాయం కాదు.

కార్బన్ గొప్పదనం వేరే చోట ఉంది. లోహానికి అన్ని వైపులా ఒకే గుణం ఉంటుంది. కార్బన్ ఫైబర్ పోగులను ఏ వైపు పేర్చితే ఆ వైపే బలం ఎక్కువ కాబట్టి, పెడల్ తొక్కినప్పుడు పక్కకు మెలిపడకుండానూ, కుదుపు వచ్చినప్పుడు కిందికి కాస్త వంగేలానూ ఒకే ఫ్రేమును రూపొందించవచ్చు. గాలిని చీల్చే ఆకారాలు చేయడం కూడా దీనితోనే సులువు. టూర్ ద ఫ్రాన్స్‌లో 1986లో గ్రెగ్ లెమాండ్ కార్బన్ గొట్టాల ఫ్రేము మీద గెలిచాడు. 1994లో మిగెల్ ఇందురైన్ స్టీలు మీద, 1998లో మార్కో పంటాని అల్యూమినియం మీద గెలిచారు. ఆ తర్వాత క్రమంగా ఆ స్థాయి పోటీల్లో కార్బన్ తప్ప మరొకటి కనిపించడం దాదాపు మానేసింది. కానీ ఆ గుణాలు కార్బన్ అన్న పేరుతో వాటంతట అవి రావు. పోగులు పేర్చిన ఇంజినీరు రేసింగ్ కోసం బిగువే ప్రధానమనుకుంటే ఆ కార్బన్ ఫ్రేము ఏ అల్యూమినియం ఫ్రేముకూ తీసిపోనంత కరకుగా ఉంటుంది. మీ స్నేహితుడి సైకిల్ అలాంటి ఉద్దేశంతో చేసిందే. 25 మి.మీ. టైరు దాటి పట్టని ఫ్రేములో మీరు కోరే సుఖానికి చోటు లేదు.

ఇక బరువు. అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐ 2000 నుంచి పోటీ సైకిల్ కనీస బరువు 6.8 కిలోలుగా పెట్టింది. మీరు కొనగలిగే అల్యూమినియం సైకిల్ తొమ్మిది, తొమ్మిదిన్నర కిలోలు ఉంటుంది. స్నేహితుడి కార్బన్ సైకిల్ దానికన్నా ఒకటి, ఒకటిన్నర కిలోలు తేలిక కావచ్చు. మీరు, సైకిల్, నీళ్ల సీసాలు కలిపి 85 కిలోలనుకుంటే ఒక కిలో తేడా నూటికి 1.2 వంతులు. సింహాచలం ఘాట్ లాంటి ఎక్కుడులో కూడా, ఇరవై నిమిషాలు ఎడతెరిపి లేకుండా ఎక్కినా, ఆ కిలో వల్ల మీకు కలిసొచ్చేది పదిహేను సెకన్లలోపే. చదునుగా ఉన్న బీచ్ రోడ్డులో అదీ ఉండదు. అక్కడ మీ శత్రువు సముద్రపు గాలి, దాన్ని తట్టుకునేది మీరు ఎంత వంగి కూర్చోగలరన్నదాన్ని బట్టి. మెడ పట్టేసి అరగంటకోసారి లేచి నిటారుగా కూర్చోవలసి వస్తే, ఫ్రేము ఎంత తేలికైనా పోటీలో వెనకబడతారు. మొదటిసారి పోటీకి దిగేవారికి సుఖమూ వేగమూ వేరు వేరు కావని నేను గట్టిగా నమ్ముతాను.

అయినా స్నేహితుడి సైకిల్ మీద మనసు పోతుంటే, డబ్బు ఇచ్చే ముందు దాన్ని పగటి వెలుతురులో విప్పి చూడండి. కార్బన్‌కు సాధారణంగా ఏళ్ల వల్ల ప్రమాదం లేదు. దెబ్బల వల్ల, అతిగా బిగించడం వల్ల ఉంది. లోహం దెబ్బ తింటే సొట్ట పడి కనిపిస్తుంది, కార్బన్ లోపల పొరలు విడిపోయినా పైన రంగు నున్నగానే ఉండవచ్చు. సైకిల్ మొత్తం తడిగుడ్డతో తుడిచి, ఆరాక, సెల్‌ఫోన్ టార్చి ఏటవాలుగా పడేలా పట్టుకుని కింది గొట్టం అడుగుభాగం, పెడల్ బేరింగు చుట్టూ, చైను జారి గీసుకునే చోటు, సీటు పోస్టు బిగించే క్లాంపు చుట్టూ వెతకండి. గీత కనిపిస్తే దాని మీద గోరు అడ్డంగా లాగి చూడండి; గోరు తగులుకుంటే అది రంగుకే పరిమితమైన గీత కాకపోవచ్చు. రూపాయి బిళ్లతో గొట్టం పొడవునా మెల్లగా తట్టుకుంటూ వెళ్తే బాగున్న చోట ఖంగుమని, పొరలు విడిన చోట మొద్దుగా మోగుతుంది. ఇది పూర్తి పరీక్ష కాదు గానీ మొదటి అనుమానం దీనితోనే వస్తుంది. చివరగా, అన్నిటికన్నా ముఖ్యంగా, స్టెమ్ము విప్పించి ఫోర్కు కాండాన్ని (స్టెమ్ము బిగించే నిలువు గొట్టాన్ని) బయటికి తీయించి చూడాలి. స్టెమ్ము అతిగా బిగించిన చోట అడ్డంగా సన్నటి పగులు ఉంటే, అది ఘాట్ దిగేటప్పుడు చేతిలో హ్యాండిల్ ఊడివచ్చే ప్రమాదం. స్నేహితుడే కదా అని ఈ పని మానకండి. దెబ్బ తగిలిన సంగతి ఆయనకే తెలియకపోవచ్చు.

స్టీలు గురించి చెప్పేటప్పుడు రెండు రకాల స్టీలును కలపకూడదు. మన ఊళ్లలో పాలవాళ్లు, పేపరు వేసేవాళ్లు వాడే బరువైన సైకిల్ కూడా స్టీలే, పోటీల కోసం చేసిన సన్నటి గొట్టాల ఫ్రేమూ స్టీలే. బర్మింగ్‌హామ్‌లోని రేనాల్డ్స్ కుటుంబం 1897లోనే చివర్లు మందంగా, నడుమ పల్చగా ఉండే గొట్టానికి పేటెంటు తీసుకుంది. 1935లో ఆ కంపెనీ తెచ్చిన 531 అనే మాంగనీస్, మాలిబ్డినం కలిసిన స్టీలు దశాబ్దాల పాటు పోటీ సైకిళ్లను ఏలింది. మంచి స్టీలు ఫ్రేము కార్బన్ కన్నా కిలో వరకు ఎక్కువ బరువు ఉంటుంది. దాని నిజమైన లాభం మీ ఒంటి కొలతలకు సరిగ్గా చేయించుకోగలగడం, మీరు అడిగినంత టైరు చోటు పెట్టించుకోగలగడం, తగిన శ్రద్ధ తీసుకుంటే ఎన్నో ఏళ్లు మన్నడం. విరిగితే వీధి చివర గ్యాస్ వెల్డింగ్ షాపులో అతికించుకోవచ్చన్న మాట మాత్రం పల్చటి పోటీ గొట్టాలకు వర్తించదు. అర మిల్లీమీటరు మందం ఉన్న ఆ గోడలను ఫ్రేములు కట్టే చేయి తిరిగిన పనివాడే ముట్టుకోవాలి. మీ ఊరిలో మరో ఇబ్బంది తుప్పు. సముద్రం ఒడ్డున ఉప్పుగాలిలో తిరిగే స్టీలు ఫ్రేముకు బయట రంగు బాగున్నా లోపలి నుంచి తుప్పు పట్టవచ్చు. గొట్టాల లోపల మైనం లాంటి రక్షణ పూత కొట్టించాలి, వాన తర్వాత సీటు పోస్టు తీసి నీరు కారిపోనివ్వాలి. పైగా కొలతలిచ్చి చేయించే మంచి ఫ్రేముకు, దాని మీద బిగించే గేర్లకు, చక్రాలకు కలిపి మీ లక్షా అరవై వేలు చాలడం కష్టం. చాలకపోతే చక్రాల దగ్గరో టైర్ల దగ్గరో తగ్గించుకోవలసి వస్తుంది, అది మీ సుఖాన్నే దెబ్బతీస్తుంది.

టైటానియానికి తుప్పు పట్టదు, సముద్రతీరానికి అంతకన్నా తగిన లోహం లేదు, కానీ దాని వెల్డింగ్ గాలి తగలకుండా ఆర్గాన్ వాయువులో చేయాలి, ధర మీ బడ్జెట్‌ను దాటిపోతుంది. ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

అల్యూమినియంలో లోపాలు లేవని నేను అనను. స్టీలు, టైటానియం ఒక హద్దు లోపలి ఒత్తిడిని ఎన్నిసార్లయినా భరిస్తాయి. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు, చిన్న చిన్న ఒత్తిళ్లు కూడా కూడుకుంటూ పోతాయి. అందుకే తయారీదార్లు అవసరానికి మించిన మందంతో చేస్తారు, వారానికి రెండు మూడు సార్లు తొక్కే మనిషికి అది చాలా ఏళ్లు సరిపోతుంది. ఏడాదికోసారి వెల్డింగ్ అతుకుల పక్కన పగుళ్లు ఉన్నాయేమో చూసుకోండి. పగిలితే మళ్లీ వెల్డింగ్ చేయించవద్దు, ఎందుకంటే ఆ వేడికి పోయిన బలం ఫ్యాక్టరీలో మళ్లీ వేడి ప్రక్రియ చేస్తేనే తిరిగి వస్తుంది. విశాఖ గాలిలో ఇంకో జాగ్రత్త ఉంది. కార్బన్ సీటు పోస్టు అల్యూమినియం ఫ్రేములో కదలకుండా నెలల తరబడి ఉంటే, ఉప్పు తేమకు కార్బన్ తగిలిన చోట అల్యూమినియం తినేసుకుపోయి పోస్టు బయటికి రాకుండా బిగుసుకుపోతుంది. కార్బన్ పేస్టు రాసి, రెండు నెలలకోసారి తీసి తుడిచి మళ్లీ పెట్టుకోండి.

ఇప్పుడు మీ వేళ్ల విషయం. చిటికెన వేలు, ఉంగరపు వేలు మాత్రమే తిమ్మిరెక్కడం అరచేతి అంచున వెళ్లే అల్నార్ నరం మీద ఒత్తిడి పడుతోందని చెప్పే లక్షణం. ఒంటి బరువు ఎక్కువగా చేతుల మీదికి వాలుతున్నప్పుడు ఇలా అవుతుంది. సీటు ముక్కు కిందికి వంగి ఉండటం, హ్యాండిల్ మరీ కిందికో మరీ దూరానికో ఉండటం, మోచేతులు బిర్రుగా చాపి తొక్కడం ప్రధాన కారణాలు. మెడ పట్టేయడానికి కూడా ఇవే కారణాలు. సైజు ఒక్కటే అయినా, రేసింగ్ ఫ్రేముకూ ఎండ్యూరెన్స్ ఫ్రేముకూ హ్యాండిల్ ఎత్తులో రెండు మూడు సెంటీమీటర్ల తేడా ఉంటుంది. వెన్ను, మెడ దాన్ని స్పష్టంగా గుర్తుపడతాయి. షాపువాళ్లను ఫ్రేము స్టాక్ (ముందు భాగం ఎత్తు), రీచ్ (ముందుకు ఉన్న దూరం) కొలతలు అడిగి మీ పాత సైకిల్ కొలతల పక్కన రాసుకోండి. కొన్నాక అనుభవం ఉన్నవారి దగ్గర ఒకసారి బైక్ ఫిట్టింగ్, అంటే సీటూ హ్యాండిలూ మీ ఒంటికి తగ్గట్టు సరిచేయించడం, చేయించుకోండి. మిగిలిన డబ్బులో ముందు ఖర్చు పెట్టవలసింది దీనికే. సైకిల్ దిగిన మర్నాటికి కూడా తిమ్మిరి పోకపోతే డాక్టరుకు చూపించండి.

కొత్తది కొనే దాకా ఆగనక్కర్లేదు. ఈ ఆదివారమే మీ 23 మి.మీ. టైర్లలో గాలి వెనక 95కు, ముందు 90కి తగ్గించి వెళ్లి చూడండి. గరుకు రోడ్డు మీద మరీ గట్టిగా గాలి కొట్టిన టైరు వేగం పెంచదు. ప్రతి గతుకుకూ సైకిలూ మనిషీ పైకి ఎగిరి, ముందుకు వెళ్లవలసిన శక్తి ఒంటిని కుదపడానికి ఖర్చవుతుంది. కొత్త సైకిల్‌కు 28 మి.మీ. టైర్లలో వెనక 75, ముందు 70, 32 మి.మీ. టైర్లలో వెనక 60, ముందు 55 చుట్టుపక్కల మొదలుపెట్టి, ఐదేసి పీఎస్‌ఐ అటూ ఇటూ మార్చుకుంటూ మీకు నచ్చిన చోట ఆగండి. రిమ్ము మీదా టైరు మీదా రాసిన గరిష్ఠ హద్దు మాత్రం దాటకండి. కంపెనీ బిగించి ఇచ్చిన టైర్లు చాలాసార్లు మందపాటి గోడలతో మొద్దుగా ఉంటాయి. గోడ మెత్తగా ఉన్న మంచి టైర్ల జత ఎనిమిది, పది వేలలో దొరుకుతుంది. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత తేడా తెచ్చే మార్పు రోడ్ బైక్‌లో ఇంకోటి లేదు. ఫ్రేములో 27.2 మి.మీ. వ్యాసం ఉన్న గుండ్రటి సీటు పోస్టు పడుతుందో లేదో కూడా చూడండి. పైగొట్టం వెనక్కి వాలి పోస్టు ఎక్కువ పొడవు బయటికి ఉంటే అది కాస్త వంగి వెన్నుకు హాయినిస్తుంది.

200 కిలోమీటర్ల బ్రెవేకు పదమూడున్నర గంటల గడువు ఉంటుంది. అందులో వేగం కన్నా, సాయంత్రం దాకా చేతులూ మెడా మాట వినడం ముఖ్యం కనుక దానికి 32 మి.మీ. టైర్లతో వెళ్లండి. పోటీలకు అదే సైకిల్ మీద 28 మి.మీ. టైర్లు మార్చుకుని, ఫిట్టింగ్ చేసినవారిని అడిగి స్టెమ్ము కింది స్పేసర్లలో (ఎత్తు కోసం పెట్టే రింగుల్లో) ఒకటి పైకి మార్చి, హ్యాండిల్‌ను మీ మెడ ఒప్పుకున్నంత మేరకే కిందికి దించుకోండి.